బొట్టు పెట్టిన గిటారు

పోయినవారం గౌరీదేవిని చీకట్లో వదిలిపెట్టి వచ్చాం. గురువారం సాయంత్రం వాన పడుతుండగా కాలేజీ హాస్టలు పడమటి వింగు మొత్తానికి ఫ్యూజు పోయింది. మర్నాడు పరీక్ష ఉన్న ఆడపిల్లలంతా ఒక్క గొంతుతో కేకలేశారు. సుపరింటెండెంటు సాన్యాల్ దీదీ టార్చిలైటు పట్టుకుని, ఏ వస్తువు వల్ల పోయిందోనని గదిగదీ వెతుక్కుంటూ వచ్చి, గౌరి మంచం కింద నుంచి ముందు ఒక చెక్కపెట్టెనీ, తరవాత తువ్వాలు చుట్టిన గిటారునీ బయటికి లాగింది. ఆదివారం పెద్దవాళ్ళని తీసుకురమ్మంది. అంతవరకూ ఆ రెండూ తన గదిలోనే ఉంటాయని చెప్పి వెళ్ళిపోయింది.

ఆదివారం రానే వచ్చింది. రావలసిన పెద్దమనిషి మాత్రం రాలేదు.

గౌరి తండ్రి అప్పలసూరి కార్ఖానాలో ఎలక్ట్రికల్ షాపులో వైర్‌మన్. సరిగ్గా ఆ వారమే మరమ్మతులకని మిల్లు షట్‌డౌన్ పెట్టారు. షట్‌డౌన్ అంటే మిల్లుకి విశ్రాంతి, మనుషులకి కాదు. అందుకని తామున్న బర్మామైన్స్ పేట నుంచి మినీబస్సెక్కి తల్లి దాలమ్మ ఒక్కతే వచ్చింది. ఆవిడకి కూరగాయల బేరానికి సరిపడా హిందీ వచ్చు. అంతకు మించి రాదు. ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ కూడా నేర్చుకోలేదేమని ఎవరైనా అడిగితే, "ఆలకి తెలుగొచ్చిందేటి?" అని ఎదురు అడుగుతుంది.

"అయ్య రాడా?" అంది గౌరి గేటు దగ్గరే.

"రాడు. నానొచ్చినాను కదా, చాలదేటి? నువ్వు హిందీలో సెప్పు, నాను తెలుగులో సెప్తాను."

గౌరికి చాలదనే అనిపించింది. కానీ పైకి అనలేదు. హాలు మెట్లెక్కుతూ తల్లికి పాఠం చెప్పింది. "అమ్మా, ఆవిడ ఏమడిగినా ఒక్కటే మాట. అది వీణలాంటిది, సరస్వతమ్మది. అంతే. ఇంకేం మాట్లాడొద్దు."

"వీణలాంటిదే కదే. కాదన్నానేటి?"

ఆ గిటారు సంగతి కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. అది నిలబడి మెడలో వేసుకు వాయించేది కాదు. ఒళ్ళో పడుకోబెట్టి, తీగలమీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించే హవాయి గిటారు. అందులోనూ కరెంటుది. తీగలు చేసే చిన్న చప్పుడుని పెద్దది చేసే పెట్టెను అప్పలసూరి ఒక పాత వాల్వు రేడియో పొట్ట చీల్చి తన చేతుల్తో కట్టాడు. ఇంట్లో తండ్రి, అన్న, చిన్నాన్న ముగ్గురూ మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు. అంటే ఆ ఒంటిగది క్వార్టర్లో ఏ వేళప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. అక్కడ దగ్గినా తిట్లే. చదువుకోడానికి చోటు లేదనే గౌరి ఉన్న ఊళ్ళోనే హాస్టల్లో చేరింది. ఇక వాయించడానికి చోటెక్కడ? గిటారు హాస్టల్లో ఉంటే ఉన్నట్టు. ఇంటికి పోతే అటక మీదికే.

అందుకే ఏడాదిగా దాన్ని పసిపిల్లని సాకినట్టు సాకింది. వానాకాలం తీగలు తుప్పు పట్టకుండా పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క వేలికి రాసుకుని తీగ పొడుగునా పూసేది. పెట్టెలోకి బొద్దింకలు దూరకుండా కలరా ఉండలు వేసేది. పక్కగది పిల్లలు స్నానాలకి వెళ్ళే వేళ చూసుకుని, గొంతు బాగా తగ్గించి వాయించుకునేది. ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది ఇవాళ బయటపడుతుందని ఆమెకు కల్లో కూడా తోచలేదు.

సాన్యాల్ దీదీ గదిలో బల్లమీద గిటారూ, పక్కనే పెట్టే ఉన్నాయి. దీదీ యాభై దాటిన మనిషి. బెంగాలీ గుండ్రదనంతో హిందీ మాట్లాడుతుంది. కోపిష్టి అని పేరుంది కానీ అన్యాయస్థురాలని ఎవరూ అనరు. కిందటేడు ఒక పిల్ల దొంగతనంగా హీటరు పెట్టుకుని చీర అంటించుకున్నప్పటి నుంచి ఆవిడకి కరెంటు వస్తువంటే పడదు. హాలు గోడమీద నల్లక్షరాలతో రాయించింది కూడా: కరెంటు మిషన్లు ఏవీ గదుల్లో ఉండరాదు. సంగీత వాద్యాలు అనుమతితో ఉంచుకోవచ్చు.

"కూర్చోండి మాజీ," అంది దీదీ, అమ్మా అన్నట్టు. దాలమ్మ కుర్చీని ఒకసారి చూసి, కిందే కూర్చుంది. దీదీ గౌరి వైపు తిరిగింది. "మీ అమ్మగారిని ఒక్కటే అడుగు. ఇది మిషనా, వాద్యమా?"

గౌరి తెలుగులో అడిగింది. దాలమ్మ పాఠం బాగానే అప్పగించింది. వీణలాంటిదంది, సరస్వతమ్మదంది. గౌరి దాన్ని ఇంకాస్త మెరుగుపెట్టి హిందీలో చెప్పింది. దీదీ తల ఊపింది. అక్కడితో ఆగిపోతే మన కథ కంచికి వెళ్ళేది.

దీదీ పెట్టె నెత్తిమీద వేలు పెట్టింది. అక్కడ రూపాయి బిళ్ళంత సిందూరం బొట్టు, దానికి అంటుకుని ఎండిన బంతిరేక ఒకటి ఉన్నాయి. "మరి ఈ బొట్టు ఎప్పటిది?"

గౌరి అడగక్కర్లేకపోయింది. వేలు ఎక్కడ ఆగిందో చూసి దాలమ్మ మొహం విచ్చుకుంది.

"అదా! మొన్న విశ్వకర్మ పూజకి మా ఆయన సాపుకి అట్టుకెళ్ళినాడమ్మా. మోటార్లు, మిసన్లు అన్నిటికీ బొట్టెట్టినారు కదా, మా గౌరి దానికి మాత్రం ఎందుకెట్టకూడదని దీన్నీ ఆటి మజ్జన ఎట్టీసి, దండేసి, కొబ్బరికాయ కొట్టించినాడు. పంతులుగారి సేత!"

కూతురి వస్తువు మీద తండ్రికి ఎంత ప్రేమో దీదీకి తెలియాలని ఆవిడ తాపత్రయం.  గౌరి చాలా మర్యాదగా హిందీలో చెప్పింది. "సరస్వతి పూజలో పెట్టారట దీదీ. అప్పటి బొట్టట."

దీదీ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"సరస్వతి పూజ మాఘమాసంలో. ఇంకా దసరా కూడా రాలేదు. ఈ పువ్వు చూస్తే పట్టుమని పదిహేను రోజులది కాదు. పైగా మీ అమ్మగారు విశ్వకర్మ అన్నారు. మిషన్ అని కూడా అన్నారు. నాకు తెలుగు రాదు గౌరీ, చెవుడు కూడా లేదు."

నిజమే. ఆ ఊళ్ళో విశ్వకర్మ అన్న మాటకి తర్జుమా ఎక్కడుంది? ఆ రోజు సైకిలు రిపేరు కొట్టు నుంచి రోలింగ్ మిల్లు దాకా చక్రమున్న ప్రతిదానికీ బొట్టు పడుతుంది. బెంగాలీలైనా, ఒడియాలైనా, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళైనా ఒకే మాట. గౌరి ఎన్ని మాటలు దాచినా అది దాగే మాట కాదు.

"సరస్వతి ముందు పెడితే వాద్యం. విశ్వకర్మ ముందు పెడితే మిషను," అంది దీదీ. "మీ నాన్నగారే తేల్చేశారు. ఇంక నేను తేల్చడానికేముంది?"

"ఏటంటంది?" అంది దాలమ్మ.

 గౌరి చెప్పింది, నాన్న బొట్టు పెట్టించడం వల్లనే ఇది మిషనైపోయిందని. దాలమ్మ కాసేపు ఆలోచించింది. తన భర్త చేసిన మంచిపని ఇలా ఎదురు తిరగడం ఆవిడకి నచ్చలేదు.

"మిసనంటే కరెంటు పోతే ఆగిపోవాల కదా? మిల్లు ఆగిపోద్ది, పంకా ఆగిపోద్ది. ఇది ఆగదు కదే. పెట్టె నేకుండా వాయించీ. ఆయమ్మకి ఇనపడితే వాజ్జెం, నేకపోతే మిసను. సెప్పు."

ఈ మాట మాత్రం గౌరి ఉన్నదున్నట్టు హిందీలో పెట్టింది. దీదీ పెదాల చివర చిన్న నవ్వు కదిలింది. "సరే. వాయించు."

పంకా గరగరమంటోంది. దాలమ్మ లేచి, దీదీ బల్లమీదున్న చెక్క స్కేలు అందుకుని, దాని కొసతో స్విచ్చి నొక్కింది. దీదీ ఆశ్చర్యంగా చూసింది. గౌరికి అది కొత్త కాదు. ఇంట్లో దాలమ్మ కర్రగరిటెతోనే లైటు వేస్తుంది, కర్రగరిటెతోనే తీస్తుంది. వైర్‌మన్ పెళ్ళాం స్విచ్చి ముట్టుకోదని క్వార్టర్ల లైనంతా నవ్వుకుంటారు. ఆవిడ ఎందుకలా చేస్తుందో తెలిసినవాళ్ళు నవ్వరు.

గౌరి గిటారు ఒళ్ళోకి తీసుకుంది. కరెంటు గిటారుకి డొల్ల పొట్ట ఉండదు, గట్టి చెక్క. పెట్టె తగిలించకపోతే దాని గొంతు గొంతులోనే ఉండిపోతుంది. మొదటి తీగ మీటితే తనకే సరిగా వినబడలేదు. కిటికీ బయట హాస్టలు పిల్లలు చేరారు. గౌరి కడ్డీని నెమ్మదిగా జార్చింది. ఆ జారుడులో స్వరం ఒకచోట నుంచి ఇంకో చోటికి తెగకుండా నడిచింది. సన్నగా ఉన్నా స్పష్టంగా ఉంది. ఆమె ఆత్రపడలేదు. తనకిష్టమైన ఒక నిదానపు వరసని, వినేవాళ్ళే దగ్గరికి వస్తారన్నట్టు, తాపీగా వాయించింది. దీదీ కుర్చీ ముందుకి జరిగింది. మోచేతులు బల్లమీద ఆనాయి. తల పక్కకి వాలింది.

అయిపోయాక ఆవిడ వెనక్కి జరిగి కూర్చుంది.

"వినబడింది," అంది. "వాద్యమే."

కిటికీ బయట ఎవరో చప్పట్లు కొట్టబోయి నోరు మూసుకున్నారు. గౌరికి ఏడుపొచ్చినంత పనైంది. దాలమ్మకి తర్జుమా అక్కర్లేకపోయింది. కూతురి మొహం చూసి తన మోకాలు మీద తనే చరుచుకుంది. ఇంతవరకూ అంతా బాగానే ఉంది.

దీదీ పెట్టెను తనవైపు తిప్పుకుని, కాస్త సిగ్గుపడుతూ మొదలుపెట్టింది. "ఒక సంగతి చెప్పాలి. గురువారం ఫ్యూజు వేయించాక నేనే దీన్ని ఇక్కడ తగిలించి చూశాను. చిన్నప్పుడు నేనూ నేర్చుకున్నాను లే, మా కలకత్తాలో. తీగ మీద చెయ్యి పెట్టానో లేదో, మోచేతి దాకా షాక్ కొట్టింది. నీకు రోజూ ఇలాగే కొడుతోందా? పెట్టె వైరులో మూడో తీగ, ఎర్త్ తీగ, కోసేసి ఉంది. మీ అమ్మగారికి ఈ విషయం తెలుసా? తెలిసే ఒప్పుకుంటున్నారా? అడుగు."

గౌరి తల్లి వైపు చూడలేదు. పెట్టె వైపు చూస్తూ చెప్పింది. "జాగ్రత్తగా చూసుకోమంటున్నారమ్మా."

దాలమ్మ మోకాలి మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"షాకంది కదే. షాకేటి?"

ఆ మాటా తర్జుమాకి లొంగేది కాదు. తండ్రి మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఇచ్చాడు. హాస్టలు గదిలో ఉన్నది రెండు బెజ్జాల పాయింటు. గౌరి ప్లగ్గు పీకేసి, కారిన కరెంటుని నేలలోకి దించే ఎర్తు తీగ కోసేసి, మిగిలిన రెండు తీగల్నీ బెజ్జాల్లో పెట్టి అగ్గిపుల్లలతో బిగించేది. అప్పటినుంచీ గిటారు తీగ ముట్టుకుంటే వేలు చురుక్కుమనేది. వాన రోజుల్లో మరీను.

"పీటెందుకు తెమ్మన్నావే?" అంది దాలమ్మ. గొంతు మారిపోయింది. "కిందటి వానల్లో నేల సల్లగుంది, కూకోడానికి సెక్కపీట కావాలన్నావు. నేల సల్లగుండే కూకున్నావా దానిమీద?"

గౌరి వేళ్ళు ముడుచుకుంది.

"ఏటే!"

"కాళ్ళు నేలకి తగలకుండా," అంది గౌరి. "కొంచెమే అమ్మా. చురుక్కుమంటది, అంతే."

దాలమ్మ కూతురి చెయ్యి లాక్కుని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసింది. అక్కడ కనబడేదేమీ లేదు. అయినా వదలకుండా చూస్తూనే ఉంది.

"మీ మావ కూడా అదే మాటనీవోడు," అంది చివరికి. "సురుక్కుమంటది అప్పా, అంతే. అంతే."

ఆ మావ పేరు దేముడు, దాలమ్మని అప్పా అని పిలిచే ఒక్కగానొక్క తమ్ముడు. కాంట్రాక్టరు దగ్గర వెల్డింగు పనిచేసేవాడు. ఒక వానాకాలం తడి నేలమీద నిలబడి కేబులు పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళు నిండలేదు. దాలమ్మ కర్రగరిటె పట్టుకున్నది అప్పటినుంచే. గౌరికి ఆ సంగతంతా తెలుసు. తెలిసీ ఏడాదిపాటు ఆ తీగల్నే ముట్టుకుంది, తెలిసీ తల్లి చేతే పీట మోయించింది. ఆమెకి సిగ్గేసింది, భయమూ వేసింది. అన్నిటికంటే ఎక్కువగా గిటారు పోతుందేమోనని దిగులేసింది. ఆ దిగులు ముందు పుట్టినందుకు మరీ సిగ్గేసింది.

దీదీకి మాటలు అర్థం కాకపోయినా మనిషి అర్థమైంది. గొంతు తగ్గించింది. "హాల్లో మూడు పిన్నుల మంచి పాయింటు ఉంది. రేపే ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తాను. ఎర్త్ తీగ వేయించి, చూపించాకే వాయించాలి. అదీ హాల్లో, నా ఎదురుగా. దానికి ఒప్పుకుంటే ఉంచుతాను. మీ అమ్మగారు సరేనంటే చాలు."

గౌరి ఆ మాటల్ని ఒక్కటి కూడా మింగకుండా తెలుగులో చెప్పింది. హాలు, పాయింటు, ఎర్తు, ఎలక్ట్రీషియను, అన్నీ. ఆ పొద్దంతటికీ ఆమె ఉన్నదున్నట్టు చేసిన రెండో తర్జుమా అది. దాలమ్మ విన్నదో లేదో తెలియలేదు. పెట్టెనే చూస్తోంది.

దీదీ ఇక గౌరిని అడగలేదు. నేరుగా కింద కూర్చున్నావిడ వైపు వంగింది.

"మాజీ, ఆప్ బోలియే. రహేగా కి జాయేగా?"

ఉంటుందా, పోతుందా? కూరగాయల బేరం హిందీ చాలు ఆ ప్రశ్నకి. దాలమ్మ లేచి, చీర కొంగు నడుముకి చుట్టి, దీదీ కళ్ళలోకి చూసింది.

"జాయేగా," అంది.

 దాలమ్మ గౌరి తువ్వాలు తీసి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. పెట్టెను తనే ఎత్తుకుంది. గౌరి గిటారు గుండెకి హత్తుకుని వెనకాలే నడిచింది. ఆవరణ దాటాక అడిగింది.

"ఇంటికేనా అమ్మా?"

"ఇంటికేటి? మిల్లు గేటుకాడికి. తిండి ఏళకి మీ అయ్య బయటికొత్తాడు కదా. నా తమ్ముడు ఎలగ పోనాడో కళ్ళారా సూసినోడు. మోసినోడు. ఎర్తు నేని కరెంటు నా కూతురి సేతికి ఎలగిచ్చినాడో అందరి ముందరా అడగతాను."

గౌరి కాళ్ళు ఆగిపోయాయి. తండ్రి అడిగాడు. పెట్టె ఇచ్చిన రోజు అడిగాడు, దీపావళికి అడిగాడు, విశ్వకర్మ పూజకి పెట్టె తీసుకెళ్ళేటప్పుడు కోసిన తీగ చూసి కూడా అడిగాడు. దార్లో ప్లగ్గు ఊడి తెగిందని చెప్పింది. నాన్న కొత్త తీగ వేసి పంపిస్తే మళ్ళీ కోసింది. హాస్టల్లో ఎర్తు ఉందా అమ్మా అన్న ప్రతిసారీ ఉందనే చెప్పింది. ఆయన నమ్మాడు. కూతురి మాట నమ్మడం తప్ప ఆ మనిషి చేసిన తప్పు ఏదీ లేదు.

"అమ్మా!"

నెత్తిన బరువుంది కాబట్టి దాలమ్మ తల తిప్పలేదు. మనిషి మనిషంతా వెనక్కి తిరిగింది.

"అయ్యనేమీ అనకు. ఎర్తుందా అని అడిగినాడు. ఉందని నేనే అబద్ధం చెప్పాను."

దాలమ్మ నెత్తిన పెట్టె సర్దుకుంది. కోప్పడితే బాగుండుననిపించింది గౌరికి. కోప్పడలేదు.

"ఆ ముక్క నాకెందుకు? మీ అయ్యకి సెప్పు. నడు."

ఇద్దరూ బస్సెక్కారు. కార్ఖానా గేటు ముందు టీ కొట్టు పక్కన నిలబడ్డారు. గౌరి మనసులో ఆ మాటని తెలుగులో అల్లి చూసుకుంది, హిందీలో అల్లి చూసుకుంది. ఏ భాషలోనూ అది కుదురుగా రాలేదు.

సైరను మోగింది. జనంలోంచి అప్పలసూరి బయటపడ్డాడు. షట్‌డౌన్ మసి మొహం నిండా ఉంది. భార్య నెత్తిన పెట్టెను దూరం నుంచే గుర్తుపట్టి, రిపేరుకి తెచ్చారనుకుని, నవ్వుతూ గబగబా వచ్చేశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పెట్టె దింపి అరుగు మీద పెట్టి, అప్పుడే వెనక మూత స్క్రూల కోసం తడుముతున్నాడు.

"ఏటే గౌరీ, మల్లీ గుర్రుమంటందా? ఏటీ పర్వానేదు, సూసీసి ఇచ్చీత్తాను. ముందు ఒకటి సెప్పు తల్లీ, అక్కడ ఎర్తు సరిగ్గానే ఉంది కదా?"